ఎంతమందికి తగ్గింది?

మానసిక వైద్యం మీద మన ప్రభుత్వ నివేదికల్లో సాధారణంగా కనిపించే లెక్కలు ఒకే తీరుగా ఉంటాయి. ఓపీకి వచ్చినవారు ఇంతమంది, చేర్చుకున్నవారు ఇంతమంది, పడకలు ఇన్ని, అవగాహన సదస్సులు ఇన్ని. వచ్చినవాళ్లలో ఎంతమందికి తగ్గిందో మాత్రం వెతికినా దొరకదు. ఊళ్లో కంటి ఆపరేషన్ల శిబిరం పెడితే, ఎంతమందికి చూపు వచ్చిందని టీ కొట్టు దగ్గర కూడా అడుగుతారు. డిప్రెషన్‌కు చికిత్స ఇస్తే ఆ ప్రశ్న ఎవరూ వేయరు. మనసు సంగతి కొలతకు దొరికేది కాదులే అని ఊరుకుంటాం.

దొరుకుతుందని పట్టుబట్టి, ఆ కొలతలను అందరి ముందూ పెట్టిన దేశం ఒకటుంది. ఇంగ్లండ్‌లో 2008లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఒక పథకం మొదలుపెట్టింది. డిప్రెషన్, యాంగ్జైటీలతో బాధపడేవాళ్లకు మాత్రలతో సరిపెట్టకుండా, మాటలతో చేసే చికిత్సను ప్రతి ప్రాంతంలోనూ ఉచితంగా అందించాలన్నది దాని ఉద్దేశం. చాలాకాలం దాన్ని ఐఏపీటీ అన్నారు. 2023లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని పేరు మార్చారు. దీని వెనక ఇద్దరున్నారు. ఒకరు రిచర్డ్ లేయార్డ్ అనే ఆర్థికవేత్త, ఇంకొకరు డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త. లేయార్డ్ వాదనలో జాలి మాట తక్కువ, జమాఖర్చు ఎక్కువ. డిప్రెషన్‌తో పని మానేసినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భృతి, వాళ్ల నుంచి రాకుండా పోయే పన్ను కలిపి చూస్తే, చికిత్సకు పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేస్తుందని ఆయన లెక్క. ఇలాంటి వాదనతో డబ్బు అడిగినవాళ్లు ఫలితం చూపించక తప్పదు. అందుకే 2006లో డాన్‌కాస్టర్‌లోనూ, తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లోనూ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పటి నుంచే ప్రతి రోగి పరిస్థితినీ అంకెల్లో రాయడం చికిత్సలో భాగమైపోయింది.

ఏమిటా అంకెలు? ఒక్క కాగితం చాలు. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, నీరసం, ఆకలిలో తేడా, తన మీద తనకే చిన్నచూపు, దేని మీదా మనసు నిలవకపోవడం వంటివి ఎన్నాళ్లు బాధించాయని అడుగుతుంది. అసలు లేదంటే 0, దాదాపు రోజూ అంటే 3. మొత్తం 27కి లెక్క. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి అవునని జవాబొస్తే మొత్తం స్కోరు ఎంతన్నది పక్కనబెట్టి, ముందు ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలి. యాంగ్జైటీకి ఇలాంటిదే ఇంకో కాగితం ఉంది, జీఏడీ-7. అందులో ఏడు ప్రశ్నలు, 21కి లెక్క.

ఈ స్కోర్ల నుంచి ‘తగ్గింది’ అన్న తీర్పు ఎలా వస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. తర్వాతి గొడవలన్నిటికీ మూలం అక్కడే ఉంది. పీహెచ్‌క్యూ-9లో 10, జీఏడీ-7లో 8 గీతలు. చేరినప్పుడు వీటిలో ఏదో ఒకదానికి సమానంగానో పైనో ఉండి, ముగిసేసరికి రెండింటిలోనూ కిందికి దిగితే కోలుకున్నట్టు లెక్క. అయితే ఇవి మనిషి జవాబులు కాబట్టి ఇవాళ్టికీ రేపటికీ ఒకట్రెండు అంకెలు అటూ ఇటూ అవుతాయి. అందుకని పీహెచ్‌క్యూ-9లో కనీసం 6, జీఏడీ-7లో కనీసం 4 తగ్గితేనే దాన్ని నమ్మదగిన మార్పుగా తీసుకుంటారు. ఉదాహరణకు డిప్రెషన్ స్కోరు ఒక్కటే చూద్దాం. 16తో వచ్చి 9తో వెళ్లినామె గీత దాటింది, మార్పు కూడా నమ్మదగినదే. 11తో వచ్చి 9తో వెళ్లినాయన గీత దాటాడు గానీ ఆ రెండు అంకెల మీద ఎవరూ పందెం కాయరు. 24తో వచ్చి 12కి దిగిన మూడో మనిషి సంగతి చూడండి. ముగ్గురిలో అందరికంటే ఎక్కువ మేలు జరిగింది ఆయనకే. కోలుకున్నవారి లెక్కలో మాత్రం ఆయన లేడు. ఒక్క శాతాన్నే పట్టుకుని ఊగితే ఈ మూడో మనిషి కనబడకుండా పోతాడు. అందుకే అక్కడ కోలుకున్నవారి శాతం, నమ్మదగినంత మెరుగైనవారి శాతం విడివిడిగా ప్రకటిస్తారు.

ఇంకో చిక్కు కూడా మొదట్లోనే బయటపడింది. మామూలుగా చికిత్స మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాగితం నింపించేవారు. మధ్యలో మానేసినవాళ్లు చివరి కాగితం నింపరు. వాళ్లను వదిలేసి, నింపినవాళ్లతోనే లెక్క కట్టేవారు. డాన్‌కాస్టర్, న్యూహామ్‌లలో అలా కాకుండా ప్రతి సెషన్‌లోనూ స్కోరు తీసుకున్నారు. దాంతో ఎవరు ఎప్పుడు మానేసినా, వాళ్ల చివరి స్కోరు చేతిలో ఉంది. పోల్చి చూస్తే, పాత పద్ధతిలో లెక్కకు అందకుండా పోయేవాళ్లలో మెరుగుదల మిగతావాళ్లలో దాదాపు సగమే ఉంది. అంటే కనబడనివాళ్లను వదిలేసి కట్టిన ప్రతి లెక్కా ఆస్పత్రికి అనుకూలంగా తప్పు చెబుతోందన్నమాట. నా మటుకు ఈ పథకం ప్రపంచానికి చేసిన ఉపకారాల్లో ఇదే పెద్దదనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ చికిత్స ముగించినవాళ్లలో నూటికి 98 మందివి మొదటి, చివరి స్కోర్లు రెండూ ఉంటాయి.

ఇవన్నీ ఫైళ్లలో ఉండిపోలేదు. ఏ ప్రాంతంలో ఎంతమందిని పంపారు, ఎంతమంది మొదలుపెట్టారు, ఎన్ని వారాలు ఆగారు, ఎన్ని సెషన్లు నడిచాయి, ఎంతమంది కోలుకున్నారు అన్నది కేంద్రాల వారీగా క్రమం తప్పకుండా ఇంటర్నెట్‌లో పెడతారు. ఎవరైనా దించుకోవచ్చు. ఆ పట్టికలు తెరిస్తే అక్కడక్కడ అంకెకు బదులు నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. ఐదుగురికంటే తక్కువమంది ఉన్నచోట అంకె చెబితే ఎవరో పోల్చుకునే ప్రమాదముందని దాచేస్తారు. మిగతా అంకెలను కూడా దగ్గరలోని ఐదుకు సర్దుతారు. చిన్న ఊళ్లో ఒకే ఒక్కరు ఫలానా జబ్బుకు చికిత్స తీసుకున్నారని పట్టికలో ఉంటే, ఆ ఒక్కరెవరో ఊరంతటికీ తెలిసిపోదూ? లెక్కలు బహిరంగం కావాలి, మనుషులు కాకూడదు.

ఇక ఈ పట్టికలతో ఒరిగిందేమిటి? క్లార్క్, ఆయన సహచరులు 2014-15, 2015-16 సంవత్సరాల బహిరంగ లెక్కలనే తీసుకుని, కొన్ని ప్రాంతాల్లో ఎక్కువమంది, కొన్నింట్లో తక్కువమంది ఎందుకు కోలుకుంటున్నారో విశ్లేషించి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మొదటి అనుమానం పేదరికం మీదికే పోతుంది. నిజమే, పేద ప్రాంతాల్లో ఫలితాలు తక్కువగా ఉన్నాయి. కానీ కథ అక్కడితో అయిపోలేదు. కేంద్రాల పనితీరులోనే ఉన్న కొన్ని సంగతులు ఫలితాలతో ముడిపడి కనిపించాయి. ఆగాల్సిన వారాలు పెరిగినచోట ఫలితం తగ్గింది. రోగులు అపాయింట్‌మెంట్లు ఎక్కువగా తప్పినచోట తగ్గింది. సగటున ఎక్కువ సెషన్లు ఇచ్చినచోట పెరిగింది.

వీటన్నిటికంటే నన్ను ఆపిన సంగతి ఇంకొకటి. రోగికున్న ఇబ్బంది ఫలానా అని స్పష్టంగా నమోదు చేసిన కేంద్రాల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. వినడానికి గుమాస్తా పనిలా ఉంది కదా. కానీ ప్రమాదం తర్వాతి భయం వేరు, పదేపదే చేతులు కడిగించే ఓసీడీ వేరు, నలుగురిలోకి వెళ్లాలంటే వణుకు పుట్టించే భయం వేరు. ఒక్కోదానికి పనిచేసే చికిత్స ఒక్కోటి. ఏదో టెన్షన్, డిప్రెషన్ అని కలిపి రాసేస్తే థెరపిస్టు కూడా అందరికీ ఒకటే మందు కలిపిస్తాడు. ఆ గడి నింపడం అంటే ఈ మనిషికి అసలేమైందని ఒకసారి ఆగి ఆలోచించడం.

ఇలాంటి సంబంధాలను చూసి ఇదే కారణం అని తీర్మానించలేం. సెషన్లు ఎక్కువ ఇచ్చే కేంద్రంలో సిబ్బంది కూడా మెరుగైనవాళ్లు కావచ్చు. ప్రాంతాల సగటులు చెప్పేది ఒక్కో మనిషికి అక్షరాలా వర్తించకపోవచ్చు. అయినా ఒక కేంద్రం అధికారికి ఇది చేతికందిన పని జాబితా. పేదరికాన్ని ఆయన మార్చలేడు. వెయిటింగ్‌ను తగ్గించగలడు, అపాయింట్‌మెంట్ ముందురోజు ఫోన్ చేయించగలడు, మెరుగుపడని రోగికి ఇంకో నాలుగు సెషన్లు ఇవ్వగలడు. బాగా నడుస్తున్న కేంద్రాల్లో పెద్దలు ఈ అంకెలను సిబ్బంది మీద కర్రలా ఎత్తకుండా, ఈ నెల ఇలా ఎందుకైందో కూర్చుని చూద్దామన్న ధోరణిలో వాడతారని కూడా క్లార్క్ బృందం రాసింది. మొదట్లో కోలుకున్నవారి శాతం పథకం పెట్టుకున్న 50 లక్ష్యానికి బాగా దిగువనే ఉండేది. 2017-18కి దేశ సగటు 50.8 శాతానికి చేరింది.

ఇప్పుడు ఇదే లెక్కను అటువైపు నుంచి చూద్దాం. 2018-19లో ఈ పథకానికి దాదాపు 16 లక్షల మందిని పంపారు. చికిత్స మొదలుపెట్టినవాళ్లు సుమారు 10.9 లక్షలు. ‘ముగించినవాళ్లు’ సుమారు 5.8 లక్షలు. రెండు సెషన్లకు హాజరైతే ముగించినట్టే. ప్రకటించిన 52.1 శాతం కోలుకోవడమన్నది ఈ చివరి గుంపులో, అది కూడా మొదట్లో గీతకు పైన ఉన్నవాళ్లలోనే. కోలుకున్నవాళ్ల సంఖ్యను మొదట పంపిన 16 లక్షలతో భాగిస్తే ఐదోవంతు కూడా రాదు. మధ్యలో జారిపోయినవాళ్లందరూ చెడిపోయారని కాదు; కొందరికి ఒక్క సలహాతో సరిపోతుంది, కొందరిని వేరే చోటికి పంపుతారు. కానీ సగం మందికి తగ్గిందన్న శీర్షిక చదివినవాడు, ఎవరిలో సగం అని అడగాలి. పైగా చికిత్స లేకపోయినా కొంతమందికి కాలమే దిగులు తగ్గిస్తుంది. బాగా కుంగిపోయిన రోజున వచ్చి చేరినవాళ్ల స్కోరు తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది. పోల్చడానికి చికిత్స అందని గుంపు ఈ పట్టికల్లో ఉండదు. లక్ష్యం మెడ మీద కూర్చున్నప్పుడు తేలిక కేసులను తీసుకుందామన్న ఆశ పుట్టడమూ సహజమే. విమర్శకులు ఇవన్నీ చెప్పగలుగుతున్నది కూడా ఆ పట్టికలు బయట ఉన్నాయి కాబట్టే.

అదే పట్టికలు ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి, మనవాళ్లకు కాస్త దగ్గరిది. జాతుల వారీగా విడదీసి చూస్తే, ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవాళ్లు ఈ చికిత్సకు రావడమే తక్కువగా ఉండటం, వచ్చినా ఎక్కువకాలం ఆగాల్సి రావడం, ఫలితం కూడా తెల్లవాళ్లకంటే తక్కువగా ఉండటం కనిపించింది. 2023లో వచ్చిన ఒక సమీక్ష దీన్ని వివరంగా చర్చించింది. తేడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోందని, వాళ్ల భాషనూ సంస్కృతినీ పట్టించుకున్న కేంద్రాల్లో మెరుగ్గా ఉందని చెప్పింది. పీహెచ్‌క్యూ-9 తెలుగులోనూ ఉంది. కానీ ఇంగ్లిష్‌లో అడిగితే ‘అంతా బానే ఉంది’ అనేసే తల్లి, తెలుగులో అడిగితే ఒళ్లంతా నొప్పులనీ గుండెల్లో బరువనీ మొదలుపెడుతుంది. అసలు విషయం ఆ నొప్పుల వెనక ఉంటుంది. వినేవాళ్లకు అది తెలియాలి.

మన దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్కలే లేవనడం సరికాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, మొత్తం మీద నూటికి 83 మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఇంట్లో ఒకరికి ఇలాంటి జబ్బుంటే చికిత్సకు, ప్రయాణాలకు కలిపి నెలకు వెయ్యి నుంచి పదిహేను వందలు ఖర్చవుతోందని కూడా రాసింది. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గురించి మనం ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నవి వేరేవాళ్ల శాతాలు. రెండో విడత సర్వేను అన్ని రాష్ట్రాల్లోనూ తలపెట్టారు.

మనకు ఏటా దొరికే లెక్క జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీది, ఆత్మహత్యల మీద. 2022లో దేశంలో 1,70,924 మంది. లక్ష జనాభాకు చూస్తే తెలంగాణలో 26.3, ఆంధ్రప్రదేశ్‌లో 16.8, కేరళలో 28.5, బిహార్‌లో 0.6. బిహార్‌లో బాధ లేదని దీన్నిబట్టి ఎవరూ అనుకోరు. ఈ అంకెలు పోలీస్ స్టేషన్ నుంచి వస్తాయి. కేసంటే భయం, పరువు, పోస్టుమార్టం తప్పించుకోవాలన్న తాపత్రయం అన్నీ దాటుకుని రాసిన మరణాలే అందులో ఉంటాయి. ఇళ్లకు వెళ్లి మరణకారణాలు అడిగి తెలుసుకున్న మిలియన్ డెత్ స్టడీ 2010లో 15 ఏళ్లు దాటినవాళ్లలోనే సుమారు 1,87,000 ఆత్మహత్యలు జరిగాయని అంచనా వేసింది. ఆ ఏడాది ఎన్‌సీఆర్‌బీ అన్ని వయసులకూ కలిపి చూపించింది 1,34,599. కాబట్టి నమోదు బాగున్న రాష్ట్రాన్ని చెడ్డదిగా, రాయని రాష్ట్రాన్ని మంచిదిగా చూపించే ప్రమాదం ఈ పట్టికలో ఉంది. పైగా 2022 సంగతి 2023 డిసెంబరులో గానీ చేతికి రాలేదు. ఈ నెల ఏ మండలంలో మనిషిని పంపాలన్న ప్రశ్నకు అది జవాబివ్వలేదు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, అంటే 14416 నంబరుకు, వచ్చిన ఫోన్లు 20 లక్షలు దాటాయి. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మంచి పనే. కానీ మనకు చెప్పేది ఫోన్ల సంఖ్య. ఫోన్ పెట్టేశాక ఆ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లాడా, నెల తర్వాత నిద్ర పడుతోందా అన్నది ఆ అంకెలో లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) నుంచి నెలనెలా పైకి వెళ్లే హెచ్‌ఎంఐఎస్ నివేదికలోనూ మానసిక అనారోగ్యంతో ఓపీకి వచ్చినవారు ఎంతమంది అని ఒక గడి ఉంది. రాకడ రాస్తారు, పోకడ రాయరు.

ఇదంతా తెల్లదొరల దేశంలో సాధ్యం, మనకెక్కడ అనుకునేవాళ్లు పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగిన పని చూడాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి ఆ పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 ప్రశ్నలే అడిగించారు. స్కోరు ఎక్కువగా వచ్చినవాళ్ల వివరం పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లో కనిపిస్తుంది. డాక్టరు చూశాక, ముందు ఎవరింటికి మళ్లీ వెళ్లాలో ఆశాకు ట్రాఫిక్ లైట్ రంగుల్లో తెలుస్తుంది. మానసిక వైద్యం తీసుకున్నవాళ్లు అంతకుముందు 0.8 శాతం. ఆ తర్వాత 12.6 శాతం. స్కోర్లు కూడా దిగాయి. అది పోలికకు వేరే గుంపు లేని ప్రయోగం కాబట్టి, తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 పీహెచ్‌సీల పరిధిలో, పోల్చి చూసే పద్ధతిలో పెద్ద పరిశోధన చేశారు. అందులోనూ డిప్రెషన్ తగ్గినట్టు తేలింది. అడిగింది ఊరి మనిషి, అడిగింది తెలుగులో, అంకె వేసింది అక్కడికక్కడే. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరు ఎత్తితేనే జడిసే జనం తమ గుమ్మంలో నిలబడి తొమ్మిది ప్రశ్నలకు జవాబు చెప్పారు.

అది పరిశోధన, నిధులున్నన్నాళ్లే నడుస్తుంది. రోజువారీ వ్యవస్థ మనకు ఇంకోటి ఉంది. 1996లో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మొదటి విడతలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒక జిల్లా దక్కింది. ఇప్పుడది దేశంలో 767 జిల్లాలకు మంజూరైంది. దాని మార్గదర్శకాల ప్రకారం ఒక్కో జిల్లా బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, నర్సులతో పాటు కేసుల రిజిస్టరు చూసే సహాయకుడి పోస్టు, పనితీరు మదింపు చేసే అధికారి పోస్టు కూడా ఉన్నాయి. అంటే రాసే మనిషిని కాగితం మీద ఎప్పుడో ఇచ్చారు. ఆ రిజిస్టరులో మొదటిసారి వచ్చినప్పటి స్కోరుకు ఒక గడి, ప్రతి రాకలోనూ తీసుకున్న స్కోరుకు ఒక గడి, వచ్చిన తేదీకీ మొదట డాక్టరు చూసిన తేదీకీ మధ్య రోజులకు ఒక గడి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పేర్లు తీసేసి, ఐదుకు లోపలి అంకెలకు నక్షత్రాలు పెట్టి మూడు నెలలకోసారి జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టడానికీ అక్కర్లేదు. మొదటి పట్టికలో అంకెలు నిరాశగానే ఉంటాయి, సగం గడులు ఖాళీగా ఉంటాయి. జిల్లా కలెక్టరు వాటిని చూసి ఎవరి ఇంక్రిమెంటో ఆపేస్తే, రెండో పట్టికలో అందరికీ తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఆ ఖాళీ గడుల గురించి మొదటి ఏడాది ఎవరినీ శిక్షించబోమన్న మాట ముందే రాసిపెట్టాలి.